సబ్‌ఊఫర్‌కి తలకిందుల సలహాలు

పలాస, కాశీబుగ్గ, టెక్కలిలో సబ్‌ఊఫర్ కొన్నవాళ్ళకి నాలుగు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. "మూలకి తోసేయండి బాబూ, బాస్ అదే వస్తాది." "ఫేజ్ నాబ్ జోలికి పోకండి, సున్నాలో ఉంచండి." "చాలకపోతే వాల్యూం రెండు గీతలు పెంచండి." "అప్పటికీ చాలకపోతే పదంగుళాలది తీసి పన్నెండుది పెట్టండి." మంచి మనసుతో చెప్పే మాటలే ఇవన్నీ. వీటిని పట్టుకుపోతే మాత్రం డబ్బు ఖర్చవుతుంది, కిటికీ రెక్కలు గిలగిల్లాడతాయి, పాటలో డప్పు మాత్రం దొరకదు.

నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు సలహాలు. సబ్‌ని సోఫా ఎక్కించి మిమ్మల్ని నేల మీద పాకమంటాను. పెద్ద స్పీకర్లని చిన్నవని, వాటిని నడిపే రిసీవర్‌కి చెప్పమంటాను. టేపుతో కొలిచిన దూరం పక్కన పెట్టమంటాను. బాస్ కావాలంటే ముందు ఉన్న బాస్‌ని పూర్తిగా పోగొట్టమంటాను. ఇంట్లోవాళ్ళు చూస్తే తప్పుడు పనిలాగే ఉంటుంది. అయినా చేయండి. ఒక్కొక్కదానికీ కారణం చెబుతాను.

ముందు అసలు జబ్బేమిటో చూద్దాం. మన తీరంలో 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకి 35 సెంటీమీటర్లు. అడుగు దూరం దాటడానికి 0.87 మిల్లీసెకన్లు. ఇక 80 హెర్ట్జ్ స్వరం తీసుకోండి. ఎక్కువ ఇళ్ళలో సబ్ పని ముగిసి మెయిన్ స్పీకర్ పని మొదలయ్యే సరిహద్దు అది. దాని అల పొడవు 4.4 మీటర్లు, ఒక చుట్టు తిరగడానికి 12.5 మిల్లీసెకన్లు. సబ్ నుంచి వచ్చే అల 6 మిల్లీసెకన్లు వెనకబడిందంటే, మెయిన్ స్పీకర్ గాలిని తోస్తున్న క్షణంలో సబ్ లాగుతుంటుంది. రెండూ బలంగానే పనిచేస్తున్నాయి, మీ చెవి దగ్గర మాత్రం ఏమీ మిగలదు. బారువ ఒడ్డున అలివి వల లాగేవాళ్ళని చూడండి: అడుగు కలవకపోతే ఎంతమంది పట్టుకున్నా వల రాదు.

ఇక్కడే అందరూ దారి తప్పుతారు. ఆరు మిల్లీసెకన్ల ఆలస్యం చెవికి ఆలస్యంగా తెలియదు. బాస్ వెనకబడిందని ఎవరికీ అనిపించదు, బాస్ తక్కువగా ఉందని అనిపిస్తుంది. అందుకే సబ్ వాల్యూం పెంచుతారు. 80 దగ్గర గుంట అలాగే ఉంటుంది, దాని కిందున్న 40, 50 హెర్ట్జ్ మాత్రం ఉబ్బిపోతాయి. తప్పెటగుళ్ళ రికార్డింగు పెట్టి వింటే అరచేయి తగిలిన చురుకు ఒకచోట, దాని కింద ఉండాల్సిన నిండుతనం లేకుండా, ఇంకెక్కడో ఒక గూబ మోత. గుండెకి కట్టుకున్న తప్పెట మీద గుంపంతా ఒక్కసారి వేసే దెబ్బని ఆ సెట్టు ముక్కలు చేసేస్తుంది. మన ప్రాంతపు వాద్యం మన ఇంట్లోనే సరిగ్గా పలకకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

గది జబ్బా, టైమింగు జబ్బా?

ఏ నాబూ తిప్పకముందు ఇది తేల్చుకోవాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి పెట్టుకోండి. రోజూ కూర్చునే చోటే కూర్చోండి. 80 హెర్ట్జ్ స్వరం చిన్న వాల్యూంలో ముందు సబ్ ఒక్కదానిలో వినండి. తర్వాత సబ్ ఆపి ఎడమ స్పీకర్ ఒక్కదానిలో వినండి. ఆ తర్వాత రెండూ కలిపి. విడివిడిగా బాగానే ఉండి, కలిపినప్పుడు తగ్గిపోతే అది టైమింగు జబ్బు. ఈ వ్యాసంలో మందు దానికి ఉంది. సబ్ ఒక్కటే పలికినా ఆ స్వరం మీ కుర్చీ దగ్గర పోతుంటే, లేదా చెవులు పగిలేలా మోగుతుంటే, అది గది జబ్బు. దాన్ని ఏ డిలే సెట్టింగూ నయం చెయ్యదు.

మన ఊళ్ళలో గది జబ్బుకి ప్రత్యేకమైన కారణం ఉంది. ఉద్దానం పల్లెల్లో గోడకి గోడ ఆనుకుని వరస ఇళ్ళుంటాయి: వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా. పాత పెంకుటిల్లయితే బాస్ సగం పైకప్పు మీంచే వెళ్ళిపోయేది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి పెంకుల్ని ఎగరేసుకుపోయాక స్లాబ్ వెయ్యాలన్న పట్టుదల జనంలో ఇంకా గట్టిపడింది. అది న్యాయమే, ప్రాణాల సంగతి. పైన స్లాబ్, కింద టెక్కలి గ్రానైట్, పక్కన ఇటుక గోడలు: బాస్ బయటికి పోయే దారి లేదు. ముందు గదీ నడవా కలిపి 10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున హాలు చేసుకున్నారనుకోండి. వెడల్పు వల్ల పుట్టే మొదటి అనునాదం 57 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఎత్తు వల్ల పుట్టేదీ 57 దగ్గరే. పొడవు వల్ల పుట్టేవాటిలో మూడోది కూడా 57 దగ్గరే. ముగ్గురూ ఒకే స్వరం మీద కూర్చుంటే ఆ స్వరం వచ్చినప్పుడల్లా ఇల్లు మోగిపోతుంది, మిగతా స్వరాలు బీదగా ఉంటాయి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు ఈ 10, 10, 30 లెక్క తప్పించుకోండి. వెడల్పు ఒక్క అడుగున్నర పెరిగినా ఆ ముగ్గురిలో ఒకరు పక్కకి తప్పుకుంటారు.

కట్టేసిన ఇంట్లో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలంటే:

సబ్‌ని సోఫా మీద కూర్చోబెట్టండి

మీరు కూర్చునే చోట, మీ చెవుల ఎత్తుకి వచ్చేలా సబ్‌ని పెట్టి, బాస్ నడక నిలకడగా ఉన్న పాట ఒకటి పెట్టండి. ఆ తర్వాత సబ్ పెట్టడానికి వీలున్న చోట్లన్నిటికీ మీరే వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, తల నేలకి దగ్గరగా పెట్టి వినండి. టీవీ బల్ల పక్కన, తలుపు వెనక, కిటికీ కింద, వంటింటి గోడ దగ్గర. బాస్ స్వరాలన్నీ దాదాపు ఒకే బలంతో వినపడే చోటు ఒకటి దొరుకుతుంది. సబ్‌ని తీసి అక్కడ పెట్టండి. శబ్దం పుట్టే చోటు, వినే చోటు ఒకదానికొకటి మార్చినా మధ్య దారి మారదని 19వ శతాబ్దంలోనే లార్డ్ రేలీ తేల్చాడు. అందుకే ఈ పాకులాట పనిచేస్తుంది.

మూలకి తోసేయమన్న సలహా ఎందుకు అంత నచ్చుతుందో నాకు తెలుసు. మూలలో పెడితే బాస్ పెరుగుతుంది, అది నిజం. కానీ మూల గదిలోని అనునాదాలన్నిటినీ ఒకేసారి లేపుతుంది. పైన చెప్పిన 57 లాంటి హాల్లో అది మంట మీద కిరసనాయిలు పోయడమే.

గోడలకి కొబ్బరి పీచు చాపలు కొట్టమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. కొబ్బరి మన దగ్గర దొరికేదే కాబట్టి చేతికందే సలహా. అంగుళం మందం పీచు మాటల కరకుదనాన్ని తగ్గిస్తుంది, గ్రానైట్ నేల ఉన్న హాల్లో సంభాషణలు స్పష్టంగా వినడానికి మంచిదే. బాస్‌కి మాత్రం దాని వల్ల ఏమీ కాదు. 80 హెర్ట్జ్‌ని పీచుతో పీల్చుకోవాలంటే అలలో నాలుగో వంతు, అంటే గోడ నుంచి మీటరుకి పైగా మందం కావాలి.

పెద్ద స్పీకర్లని చిన్నవని చెప్పండి

ఆర్మీ క్యాంటీన్ నుంచి, గల్ఫ్ నుంచి తెచ్చుకున్న నిలువెత్తు టవర్ స్పీకర్లున్న ఇళ్ళు మన వైపు చాలానే ఉన్నాయి. రిసీవర్ మెనూలో వాటికి 'లార్జ్' అని పెట్టడం ఇంటి పరువు అనుకుంటారు. 'స్మాల్' అని పెట్టండి. అది స్పీకర్ ఎత్తు గురించిన మాట కాదు. 80 కింద ఉన్న పని సబ్‌కి అప్పజెప్పమని రిసీవర్‌కి ఇచ్చే ఆజ్ఞ. 'లార్జ్' పెట్టి, దానిపైన 'ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్' కూడా వేస్తే టవర్లూ సబ్‌ఊఫరూ ఒకే బాస్‌ని మూడు చోట్ల నుంచి వాయిస్తాయి. 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మూడింటినీ కలపడం ఇంట్లో ఎవరివల్లా అయ్యే పని కాదు. 'స్మాల్' పెడితే కలపాల్సింది 80 చుట్టూ ఉన్న సన్నని పట్టీ ఒక్కటే మిగులుతుంది. సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్ళు 80ని ప్రమాణంగా పెట్టుకున్నది ఊరికే కాదు: అంతకన్నా కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి దాదాపు పట్టలేదు, అంతకన్నా పైకి పోతే సబ్ ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇంకో నాబ్ ఉంది, సబ్ వెనక 'క్రాసోవర్' లేదా 'లో పాస్' అని. దాన్ని కూడా 80కి పెడతారు, రెండు చోట్లా 80 ఉంటే గట్టిగా ఉంటుందని. అలా పెట్టకండి. దాన్ని చివరిదాకా తిప్పేయండి, లేదా 'ఎల్‌ఎఫ్‌ఈ' అన్న చోట తీగ పెట్టి ఆ ఫిల్టర్‌ని పనిలోంచి తప్పించండి. రిసీవర్ ఒకసారి వడకట్టిన బాస్‌ని సబ్ మళ్ళీ వడకడితే 80 దగ్గర బలం ఇంకా పడిపోతుంది, పైగా ప్రతి ఫిల్టరూ తన వంతు ఆలస్యాన్ని చేరుస్తుంది. 24 డెసిబెల్ వాలున్న ఫిల్టర్ ఒక్కటే ఆ సరిహద్దు దగ్గర అలని 180 డిగ్రీలు వెనక్కి తిప్పుతుంది. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ 1976లో చూపించిన పద్ధతి అందంగా కలవడానికి కారణం రెండు వైపులా ఒకే రకం ఫిల్టర్ ఉండడం. ఒక వైపు ఇంకొకటి దోపితే ఆ లెక్క చెడుతుంది.

టేపు దూరం రాయకండి

"టేపు అబద్ధమాడతాదేటి?" అని అడుగుతారు. టేపు నిజమే చెబుతుంది, కానీ రిసీవర్ అడుగుతున్నది వేరే ప్రశ్న. 'సబ్ ఎంత దూరంలో ఉంది' అని రాసి ఉన్నా, దానికి కావాల్సింది సబ్ శబ్దం మీ దగ్గరికి ఎంతసేపట్లో వస్తుందన్నది. సబ్ లోపలి ఫిల్టర్లూ డిజిటల్ చిప్పూ కొన్ని మిల్లీసెకన్లు తినేస్తాయి. తీగ లేని సబ్ అయితే ఇంకా ఎక్కువ. ఆ తిన్న సమయాన్నంతా రిసీవర్ దూరం లెక్కలోనే చూపిస్తుంది.

ఉదాహరణకి రిసీవర్‌తో వచ్చిన మైకుతో ఆటోమేటిక్ సెటప్ చేశారు. సబ్ ఉన్నది 9 అడుగుల్లో, రిసీవర్ 16 అడుగులని చూపించింది. మైకు పాడైందనుకుని 16ని కొట్టేసి 9 రాస్తారు. ఆ తేడా 7 అడుగులు, అంటే 6 మిల్లీసెకన్లు. 80 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు సరిగ్గా అర చుట్టు. అంటే కలిసి ఉన్న రెండింటినీ చేత్తో ఎదురెదురు నిలబెట్టినట్టే. రిసీవర్ పెద్ద అంకె చూపించినప్పుడు దాన్ని నమ్మండి.

ఇందులో ఇంకో తలకిందుల సంగతి ఉంది. వెనకబడిన సబ్‌ని ముందుకి లాగే యంత్రం ఏదీ లేదు. రాని శబ్దాన్ని ఎవరూ ముందే పంపలేరు. మీరు సబ్ దూరం పెంచినప్పుడు రిసీవర్ చేసేది మిగతా స్పీకర్లన్నిటినీ ఆ మేరకి ఆపి ఉంచడం. కాబట్టి సబ్ ఆలస్యంగా ఉందని దాని అంకె తగ్గించకండి, పెంచండి. 'లిప్ సింక్' అన్న సెట్టింగు జోలికి ఈ పని కోసం వెళ్ళకండి. అది అన్ని స్పీకర్లనీ కలిపి జరుపుతుంది, వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది.

ఆటోమేటిక్ సెటప్ చేసేటప్పుడు ఫ్యానూ ఏసీ ఆపండి. మైకు చెవుల ఎత్తులో, సోఫా వీపుకి ఎడంగా ఉండాలి. హౌరా–చెన్నై లైను పక్కన ఉన్న ఇళ్ళవాళ్ళు గూడ్సు బండి వెళ్ళిపోయేదాకా ఆగండి. ఆ గర్జన సరిగ్గా సబ్ పలికే స్వరాల్లోనే ఉంటుంది. వజ్రపుకొత్తూరు, భావనపాడు వైపు ఒడ్డుకి దగ్గరున్నవాళ్ళు సముద్రం పోటు మీద లేని వేళ చూసుకోండి.

బాస్ కావాలంటే బాస్‌ని పోగొట్టండి

ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

అందరూ ఫేజ్ నాబ్‌ని తిప్పుతూ బాస్ ఎక్కడ ఎక్కువగా ఉందో వెతుకుతారు. దొరకదు. దొరికిందనుకున్నది రేపు మారిపోతుంది. ఎందుకో లెక్క చెబుతాను. సమాన బలంతో ఉన్న రెండు అలలు పూర్తిగా కలిసినప్పుడు శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అక్కడి నుంచి 10 డిగ్రీలు పక్కకి జరిగితే తగ్గేది 0.03 డెసిబెల్. 30 డిగ్రీలు జరిగినా తగ్గేది 0.3. ఏ చెవీ దాన్ని పట్టలేదు. శిఖరం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి దాని నడిమధ్య ఎక్కడో తెలియదు. అదే రెండు అలలూ పూర్తిగా ఎదురైనప్పుడు శబ్దం సున్నా. అక్కడి నుంచి 10 డిగ్రీలు జరిగితే ఒక్క స్పీకర్ బలానికి 15 డెసిబెల్స్ కింద శబ్దం తిరిగి వచ్చేస్తుంది. 30 డిగ్రీలు జరిగితే 6 డెసిబెల్స్ కిందికి ఎక్కేస్తుంది. లోయ సూదిమొనలా ఉంటుంది. చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

కాబట్టి కలయికని వెతకొద్దు, వైరాన్ని వెతకండి. అది దొరికాక తిరగేస్తే కలయిక దానంతటదే వస్తుంది.

పని ఇలా సాగుతుంది. సోఫాలో మీరు కూర్చోండి, అంకెలు మార్చడానికి ఇంట్లో ఇంకొకర్ని రిసీవర్ దగ్గర ఉంచండి. మీ తల కదలకూడదు. మెయిన్ స్పీకర్ల దూరాలు ముందే సరిగ్గా ఉండాలి, వాటికి టేపు కొలత చాలు. ఎడమ చానల్లో మాత్రమే 80 హెర్ట్జ్ స్వరం ఉన్న ఫైలు పెట్టండి. ఎడమ స్పీకర్ తీగ పీకి సబ్ ఒక్కటే ఎంత వినపడుతుందో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో చూడండి, తర్వాత సబ్ ఆపి ఎడమది చూడండి. రెండూ సమానమయ్యేదాకా సబ్ లెవెల్ మార్చండి. తీగ పీకేటప్పుడూ పెట్టేటప్పుడూ రిసీవర్ ఆఫ్‌లో ఉండాలి. ఫోన్ మైకుకి బాస్ సరిగ్గా వినపడదన్నది నిజమే, ఇక్కడ మనకి పోలిక చాలు కాబట్టి పరవాలేదు.

ఇప్పుడు సబ్ వెనక ఫేజ్ స్విచ్చిని 180కి తిప్పండి, అంటే సబ్ అలని తలకిందులు చెయ్యండి. నాబ్ అయితే సున్నాలోనే ఉంచి, మెనూలో పోలారిటీ తిరగేసే వీలుంటే అది వాడండి. రెండూ కలిపి మోగించి, సబ్ దూరాన్ని అడుగు చొప్పున పెంచుతూ పొండి. శబ్దం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఉన్నట్టుండి మాయమవుతుంది. ఆ చుట్టుపక్కల అంగుళాల్లోకి దిగి అత్యంత నిశ్శబ్దంగా ఉన్న అంకె రాసుకోండి.

అక్కడితో ఆగకండి. 80 హెర్ట్జ్‌కి ఒక చుట్టు తర్వాత, అంటే ఇంకో 14 అడుగుల చిల్లర దూరంలో, మళ్ళీ అలాంటి లోయే ఉంటుంది. ఏది అసలుదో ఒక్క స్వరం చెప్పలేదు. అందుకని అదే అంకె మీద 60, 70, 90, 100 స్వరాలు కూడా వినండి. అసలైన అంకె దగ్గర ఇవన్నీ నీరసంగా ఉంటాయి. తప్పుడు లోయలో 80 ఒక్కటే పోతుంది, పక్కవి బలంగానే ఉంటాయి. తేలాక స్విచ్చి మళ్ళీ సున్నాకి తిప్పండి. కుడి స్పీకర్‌తోనూ ఒకసారి చూడండి. రెండింటికీ రెండు అంకెలు వస్తే మధ్యది తీసుకోండి.

సున్నా కన్నా 180లోనే బాస్ బాగుంటే 180లోనే ఉంచండి. సున్నా అంటే సరైనదని, 180 అంటే తప్పని ఎక్కడా లేదు. 12 డెసిబెల్ వాలున్న ఫిల్టర్లు రెండు వైపులా ఉన్న సెట్టులో సరిహద్దు దగ్గర రెండు అలలూ ఎలాగూ ఎదురెదురుగా ఉంటాయి. అక్కడ తిరగెయ్యడమే సరైన పని.

కంప్యూటర్ ఉన్నవాళ్ళు జాన్ మల్కాహీ తయారుచేసిన రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ కొలత మైకు తెచ్చుకుంటే ఇదంతా గీతల్లో కనపడుతుంది. అప్పుడు కూడా వెతకాల్సింది లోయనే.

దూరం సెట్టింగు లేని పెట్టెలకి

సబ్ పెట్టెలోనే ఆంప్లిఫయర్ ఉండి, చిన్న స్పీకర్లు నాలుగైదు దాని వెనక గుచ్చుకునే హోమ్ థియేటర్లే మన ఊళ్ళలో ఎక్కువ. వాటికి డిలే ఉండదు, ఫేజ్ స్విచ్చి ఉండదు. అలాంటివాళ్ళకి ఈ సలహా: స్పీకర్లన్నిటికీ ఎరుపు, నలుపు తీగలు తిరగేసి పెట్టండి. ఒక్కదానికి కాదు, అన్నిటికీ. ఒక్కదానికి తిరగేస్తే ఆ స్పీకరూ పక్క స్పీకరూ కొట్టుకుని గాయకుడి గొంతు మధ్యలోంచి జారిపోతుంది. అన్నిటికీ తిరగేస్తే వాటి మధ్య స్నేహం చెడదు, సబ్‌తో వాటి సంబంధం మాత్రం 180 డిగ్రీలు మారుతుంది. ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. స్పీకర్‌కి ఏమీ నష్టం లేదు.

ఈ పెట్టెల్లో సరిహద్దు 80 కన్నా పైన, 120 నుంచి 150 దాకా ఉండొచ్చు. 150 దగ్గర అరచుట్టు అంటే 4 అడుగుల లోపే. కాబట్టి సబ్‌ని రెండడుగులు ముందుకో పక్కకో జరిపినా వినికిడి గట్టిగా మారుతుంది. పెట్టె ఎక్కడ పెట్టాలో తీగ పొడవు తేల్చకూడదు. ఇంకో నాలుగు మీటర్ల తీగ కొనండి.

తీరానికి దగ్గరున్న కవిటి, సోంపేట, మందస పల్లెల్లో ఉప్పుగాలికి రాగి తీగల చివర్లు పచ్చగా చిలుము పడతాయి. ఏడాదికోసారి చివర్లు కత్తిరించి, కొత్త రాగి బయటపెట్టి బిగించండి. అప్పుడే ఒక స్పీకర్ తీగ తిరగబడి ఉందేమో కూడా చూసుకోవచ్చు: ఒకటిన్నర ఓల్టు పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ని ఎరుపుకి, మైనస్‌ని నలుపుకి క్షణం తాకిస్తే స్పీకర్ కోను బయటికి రావాలి. ఆంప్లిఫయర్ నుంచి తీగ పీకాకే ఇది చెయ్యండి.

వేసవికీ చలికాలానికీ సెట్టింగులు మార్చాలన్న మాటని పట్టించుకోనక్కర్లేదు. 20 డిగ్రీల నుంచి 35కి పోతే నాలుగు మీటర్ల దారిలో తేడా 0.3 మిల్లీసెకన్లు, అది సబ్‌కీ స్పీకర్‌కీ ఇద్దరికీ ఒకేవైపు పడుతుంది.

కలిశాక వాల్యూం తగ్గించండి

అంతా కలిశాక సబ్ లెవెల్ ఉన్నచోట ఉంచేయకండి. గుంట పూడ్చడానికని అంతకుముందు పెంచిన గీతలన్నీ వెనక్కి తీయండి. కలిసిన చోట 6 డెసిబెల్స్ ఊరికే వచ్చాయి, వాటిని ఇంటి పక్కవాళ్ళకి ఇచ్చేయండి.

ఇది నేను మర్యాద కోసం అనడం లేదు. మన వరస ఇళ్ళలో మధ్య గోడ ఇద్దరిదీ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకడం కష్టం. పలాసలో ఆస్పత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకుని వచ్చిన మనిషి ఆ గోడకి అటువైపు మంచం మీద పడుకుని ఉండొచ్చు. మాటలూ పాటలూ ఆ గోడ ఆపుతుంది, బాస్‌ని ఆపలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్. ఫోన్‌లో చూసి 40 ఉందని ధీమాగా ఉండకండి. ఆ కొలత 'ఏ' వెయిటింగులో ఉంటుంది, అది 80 హెర్ట్జ్ బలాన్ని 22 డెసిబెల్స్‌కి పైగా తగ్గించి చూపిస్తుంది, 50 హెర్ట్జ్‌ని 30. అంకె చట్టంలోపే ఉంటుంది, పక్కింటి మంచం మాత్రం అదురుతుంది. యాప్‌ని, బాస్‌ని అంతగా తగ్గించని 'సీ' వెయిటింగుకి మార్చి చూడండి. అంతకన్నా మంచిది, పక్కింటికి వెళ్ళి, "పిన్నీ, మా పాట నీకు ఎలా వినపడతోంది?" అని అడిగి, ఆమె చెప్పినదాన్ని బట్టి తగ్గించండి.

తక్కువ వాల్యూంలో బాస్ పలచబడినట్టు ఉంటుంది. అది సబ్ తప్పు కాదు. శబ్దం చిన్నదయ్యేకొద్దీ చెవి బాస్‌ని ముందుగా వదిలేస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రిసీవర్‌లో 'లౌడ్‌నెస్', 'డైనమిక్ ఈక్యూ' లాంటి పేరుతో ఉన్నదాన్ని రాత్రిపూట వేసుకోండి. అది టైమింగుని ముట్టుకోదు.

చివరి పరీక్ష సినిమా యుద్ధాలతో చేయకండి. బాంబు ఎలా పేలినా బాంబులాగే ఉంటుంది, తప్పు పట్టించదు. తప్పెటగుళ్ళో, జముకుల కథో మంచి రికార్డింగు ఉంటే అది పెట్టండి. లేకపోతే మృదంగం, కొబ్బరితోటలో పెళ్ళి మేళం, ఏదైనా చేతి దెబ్బ ఉన్నది. దెబ్బా దాని నిండుతనమూ ఒకే చోట నుంచి, టీవీ ఉన్న గోడ మధ్య నుంచి రావాలి. సబ్ ఉన్న వైపుకి మీ తల తిరిగిందంటే సబ్ ఇంకా బిగ్గరగా ఉంది, లేదా సరిహద్దు 80 కన్నా పైన ఉంది. ఆ రెండూ చూసుకుని, సబ్ దూరం, లెవెల్, ఫేజ్ స్విచ్చి ఎటు ఉందీ, మూడూ ఒక కాగితం మీద రాసి రిసీవర్ అడుగున అంటించండి. పండక్కి సున్నాలు వేసేటప్పుడు సోఫా జరుగుతుంది, సబ్ జరుగుతుంది, ఎవరో ఒకరు స్విచ్చి తిప్పేస్తారు. సోఫా పాత చోటికి వస్తే కాగితం చూసి పెట్టుకోండి. రాకపోతే 80 హెర్ట్జ్ ఫైలు మళ్ళీ తీయండి.